డిస్క్ మొరాయిస్తే ముందు కాపీ, ఆ తర్వాతే రిపేరు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాడవుతున్న హార్డ్ డిస్కుల గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాం. స్క్రీన్ పోతే, మదర్‌బోర్డు పోతే మరొకటి కొనుక్కోవచ్చు. డిస్కులో ఉన్న ఫొటోలు, లెక్కలు, సగం రాసిన థీసిస్ మళ్లీ దొరకవు. దెబ్బతిన్న డిస్కు ఇంకా ఎన్ని గంటలు చదవనిస్తుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ మిగిలిన గంటలను పరీక్షలకూ మరమ్మతులకూ కాకుండా కాపీకే వాడాలి. కింది సమాధానాలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. కొన్నాళ్లుగా ఫోల్డర్ తెరిస్తే నిమిషాల తరబడి కదలడం లేదు. డిస్కు ఆరోగ్యాన్ని చూపే ప్రోగ్రామ్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగులో 'కాషన్' అని వస్తోంది. కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ దగ్గర 30, రీఅలొకేటెడ్ దగ్గర 0 ఉన్నాయి. శబ్దాలేమీ లేవు. విండోస్‌లోని డిస్కు తనిఖీ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్‌ను 'ఆర్' ఆప్షన్‌తో నడిపితే బాగుపడుతుందని మా తమ్ముడు అంటున్నాడు. నడపమంటారా?

వద్దు. కనీసం ఇప్పుడు వద్దు.

ముందు ఆ అంకె సంగతి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ముడి విలువలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. అక్కడ 30 అంటే మన లెక్కలో 48. ఫంక్షన్ మెనూలో ముడి విలువలను దశాంశ సంఖ్యలకు మార్చుకోవచ్చు. డిస్కు చదవబోయి చదవలేకపోయిన సెక్టార్లు (డేటా దాచే చిన్న గడులు) 48 ఉన్నాయని దీని అర్థం. డిస్కు వాటిని ఇంకా వదిలేయలేదు, వాటి బదులు వేరే చోటు కేటాయించనూ లేదు. అందుకే రీఅలొకేటెడ్ 0 దగ్గరే ఉంది. సున్నా కనబడింది కదా అని నిశ్చింతగా ఉండకండి. గూగుల్ ఇంజనీర్లు తమ డేటా సెంటర్లలోని లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక పరిశోధనా పత్రం వెలువరించారు. అందులో ఇలా పెండింగ్‌లో పడ్డ సెక్టార్లు మొదటిసారి కనబడిన డిస్కులు ఆ తర్వాత 60 రోజుల్లో చెడిపోయే అవకాశం మిగతా వాటికంటే 16 రెట్లు ఎక్కువని తేలింది.

ఇక చెక్‌డిస్క్. 'ఆర్' ఆప్షన్ ఇస్తే అది ఖాళీ స్థలంతో సహా డ్రైవ్ అంతా చదువుతుంది. చదవలేని చోట డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఒక్కో సెక్టార్ దగ్గర పదుల సెకన్లు పోతాయి. డేటా చదివే హెడ్ మీద పడే ఈ శ్రమంతా ఫైళ్లు లేని చోటికి కూడా ఖర్చవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం రాయడం. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ను పొందికగా ఉంచడమే తప్ప మీ డేటాను కాపాడటం కాదు. ఫోల్డర్ వివరాలున్న సెక్టార్ చదవలేకపోతే ఆ ఫోల్డర్ ఎంట్రీలను తీసేసి, తెగిపోయిన ముక్కలను ఫౌండ్.000 అనే దాచిన ఫోల్డర్‌లో పేర్లు లేకుండా పడేస్తుంది. కాపీ తీసుకుని ఉంటే ఇది చిన్న నష్టం. తీసుకోకపోతే వెనక్కి తిరిగే దారి ఉండదు.

చేయాల్సింది ఇది. లాప్‌టాప్ ఆపేయండి, ఆ డిస్కుతో మళ్లీ విండోస్ తెరవకండి. విండోస్ నడుస్తున్నంతసేపూ పేజ్ ఫైలు, అప్‌డేట్లు, సెర్చ్ ఇండెక్స్ అంటూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. డిస్కును బయటకు తీసి, వీలైతే డెస్క్‌టాప్ మదర్‌బోర్డులోని సాటా పోర్టుకు నేరుగా తగిలించండి. యూఎస్‌బీ అడాప్టర్‌తోనూ పని జరుగుతుంది గానీ, బ్యాడ్ సెక్టార్ తగిలినప్పుడల్లా చాలా అడాప్టర్లు బిగుసుకుపోయి కనెక్షన్ తెంపేస్తాయి.

కాపీకి మరో డిస్కు కావాలి. 1 టీబీ డిస్కులో 512 బైట్ల సెక్టార్లు 1,95,35,25,168 ఉంటాయి. దాన్ని ఇమేజ్ ఫైలుగా, అంటే డిస్కు మొత్తానికి ఒకే ఫైలు నకలుగా, దాచాలంటే ఫార్మాట్ చేసిన మరో 1 టీబీ డిస్కులో పట్టదు, 2 టీబీది తీసుకోండి. అది ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ లేదా ఈఎక్స్‌టీ4లో ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దగ్గరే ఫైలు ఆగిపోతుంది.

సాఫ్ట్‌వేర్ గ్నూ డీడీరెస్క్యూ. ఉచితం, ఈ పనికి దీన్ని మించి సూచించదగ్గది మరొకటి లేదు. సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ లినక్స్‌లో ఇది ముందే ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతోనే కంప్యూటర్ తెరవండి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో డిస్కుల జాబితా తెప్పించి, పాత డిస్కు ఏదో కొత్తది ఏదో పరిమాణం, మోడల్, సీరియల్ నంబర్ల ఆధారంగా కాగితం మీద రాసుకోండి. కొత్త డిస్కు నేరుగా గమ్యమైనప్పుడు వాటి పేర్లు తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద పడుతుంది. ఈ ఒక్క చోట తొందర పనికిరాదు.

డీడీరెస్క్యూకు మూడు పేర్లు వరుసగా ఇవ్వాలి: మూలం, గమ్యం, మ్యాప్ ఫైలు. ఏ సెక్టార్ వచ్చింది, ఏది రాలేదు అనే లెక్కంతా మ్యాప్ ఫైలులో ఉంటుంది. కరెంటు పోయినా, మీరే ఆపినా, అదే మ్యాప్ ఫైలుతో అదే కమాండ్ ఇస్తే ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. అందుకే దాన్ని కొత్త డిస్కులో గానీ వేరే పెన్‌డ్రైవ్‌లో గానీ దాచాలి. లైవ్ లినక్స్ మెమరీలో వదిలేస్తే కంప్యూటర్ ఆపగానే అదీ పోతుంది. గమ్యం ఫైలు కాకుండా నేరుగా డిస్కే అయితే 'ఫోర్స్' ఆప్షన్ కూడా కావాలి.

మొదటి విడత 'ఐడైరెక్ట్', 'నో-స్క్రేప్' ఆప్షన్లతో నడపండి. సులువుగా వచ్చేదంతా ముందు వచ్చేస్తుంది, మొండి చోట్లను తవ్వకుండా దాటేస్తుంది. డిస్కు ఆరోగ్యంగా ఉన్న చోట సెకనుకు 100 ఎంబీ వేగం ఉంటే 1 టీబీకి రెండు గంటల ముప్పావు పడుతుంది. యూఎస్‌బీ 2 మీద అయితే ఎనిమిది గంటల దాకా చూసుకోండి. రెండో విడత 'నో-స్క్రేప్' తీసేసి 'రిట్రై-పాసెస్' 3 ఇవ్వండి. ఇంకా మిగిలితే 'రివర్స్' ఆప్షన్‌తో వెనక నుంచి ముందుకు చదివించి చూడండి. ఒక వైపు నుంచి రానిది అవతలి వైపు నుంచి ఒక్కోసారి వస్తుంది. పక్కన చిన్న ఫ్యాన్ పెట్టి, ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటకుండా చూసుకోండి.

నడుస్తున్నప్పుడు వేగాన్ని గమనించండి. మొత్తం బాగుండి ఒకటి రెండు చోట్ల మందగిస్తే అది మామూలు బ్యాడ్ సెక్టార్ల వ్యవహారం. కొంత దూరం వేగం, కొంత దూరం నత్తనడక, మళ్లీ వేగం అని క్రమం తప్పకుండా చారలు చారలుగా వస్తుంటే ఒక హెడ్ బలహీనపడిందని అర్థం. అప్పుడు వచ్చినంత వరకు దాచుకుని ఆపేయండి. మిగిలింది ల్యాబ్ పని.

కాపీ పూర్తయ్యాక పాత డిస్కును విప్పి పక్కన పెట్టండి. రెండూ కలిపి విండోస్‌కు తగిలిస్తే డిస్క్ సంతకం ఒకటే కావడం వల్ల ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. ఇప్పుడు కావాలంటే చెక్‌డిస్క్ నడపండి, కాపీ మీద. ఏ ఫైళ్లలో రంధ్రాలు పడ్డాయో తెలియాలంటే డీడీరెస్క్యూలోనే 'ఫిల్ మోడ్' ఉంది. రాని సెక్టార్లను మీరు ఎంచుకున్న ఒక అరుదైన పదంతో నింపుతుంది, తర్వాత ఫైళ్లలో ఆ పదం కోసం వెతికితే దెబ్బతిన్నవన్నీ బయటపడతాయి. సెక్టార్లను తిరగరాస్తుంది కాబట్టి ఇమేజ్‌కు మరో నకలు తీసి దాని మీద చేయడం మంచిది.

డ్రైవ్‌కు బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉందా? ఇమేజ్ తీసే పద్ధతి మారదు. తెరవడానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. దాన్ని ఈరోజే వెతికి పెట్టుకోండి.

ప్రశ్న: 2 టీబీ పోర్టబుల్ డ్రైవ్ బల్ల మీద నుంచి కింద పడింది. తగిలిస్తే టక్, టక్, టక్ అని ఆగకుండా కొడుతోంది, కంప్యూటర్‌లో కనిపించడం లేదు. మా అమ్మాయి చిన్ననాటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. డీప్ ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచితే పనిచేస్తుందని విన్నాను. రికవరీ సాఫ్ట్‌వేర్ ఏది మంచిది?

ఏ సాఫ్ట్‌వేరూ వద్దు, ఫ్రీజర్ అసలే వద్దు. ఇంకొక్కసారి కూడా కరెంటు ఇవ్వకండి.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామో అర్థమవుతుంది. ఇలాంటి డిస్కులో డేటా ఉండే గుండ్రటి పళ్లేలు ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. హెడ్ వాటిని తాకదు, కొన్ని నానోమీటర్ల ఎత్తులో గాలి పొర మీద తేలుతుంది. కింద పడినప్పుడు హెడ్ వంగిందో, పగిలిందో. అది పళ్లెం మీది గుర్తులను చదవలేక, వెనక్కి పోయి, మళ్లీ వచ్చి వెతుకుతోంది. మీరు విన్న టక్ టక్ అదే. విరిగిన హెడ్ పళ్లేన్ని తాకుతుంటే నిమిషానికి 5,400 సార్లు అదే గీత మీద గీసుకుంటుంది. అయస్కాంత పొర పొడిగా లేచి మిగతా పళ్లేల మీద పడుతుంది. ఆ పొర పోయిన చోట డేటా ఏ ల్యాబ్‌కూ తిరిగి రాదు. ఇప్పటికి నష్టం హెడ్ల వరకే ఉంటే ఫొటోలు పళ్లేల మీద భద్రంగా ఉన్నట్టే.

ఫ్రీజర్ నుంచి తీయగానే గాలిలోని తేమ డిస్కు లోపల పళ్లేల మీద చెమ్మగా పేరుకుంటుంది. ఆ చెమ్మ మీద హెడ్ నడిస్తే ఉన్న కాస్త అవకాశమూ పోతుంది. మూత విప్పి చూడటం కూడా అంతే. కంటికి కనిపించని ధూళి రేణువు సైతం హెడ్ తేలే ఎత్తు కంటే ఎన్నో రెట్లు పెద్దది.

ఇలాంటి డిస్కుకు ల్యాబ్ ఒక్కటే దారి. శుద్ధి చేసిన గాలి వీచే బెంచి మీద దాన్ని తెరిచి, అదే మోడల్, సరిపోయే ఫర్మ్‌వేర్ (డిస్కు లోపలి ప్రోగ్రామ్), దగ్గరి తయారీ తేదీ ఉన్న మరో డిస్కు నుంచి హెడ్లు తీసి అమర్చి, వెంటనే ఇమేజ్ తీస్తారు. అందుకే 'దాత' డిస్కు ఖర్చు విడిగా ఉంటుంది. ఇచ్చే ముందు నాలుగు విషయాలు అడగండి. హెడ్ల మార్పిడి వాళ్లే చేస్తారా, వేరే చోటికి పంపుతారా? పీసీ-3000 లాంటి ప్రత్యేక పరికరం ఉందా? డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు? పూర్తి సొమ్ము కట్టే ముందు ఫైళ్ల జాబితా చూపిస్తారా? డిస్కును చూడకుండానే 'నూటికి నూరు శాతం గ్యారంటీ' అనే వాళ్ల దగ్గర ఆగకండి.

కింద పడిన తర్వాత ఎన్నిసార్లు తగిలించారో వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి, అది వాళ్ల పనికి అవసరం. పంపేటప్పుడు యాంటీస్టాటిక్ కవర్‌లో పెట్టి, అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల ఫోమ్ ఉండేలా సర్దండి.

కింద పడని డ్రైవ్ టక్ టక్ అంటున్న పాఠకులకు ఒక మాట. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900 ఇస్తాయి. పళ్లేలు తిరగడం మొదలుపెట్టే క్షణంలో చిన్న డిస్కు కూడా దాదాపు 1 ఆంపియర్ లాగుతుంది. నాసిరకం కేబుల్, హబ్, ముందు వైపు పోర్టు వల్ల కరెంటు చాలకపోయినా ఇదే శబ్దం వస్తుంది. కంప్యూటర్ వెనక పోర్టుకు, పొట్టి కేబుల్‌తో, ఒక్కసారి మాత్రం ప్రయత్నించవచ్చు. అదే శబ్దం వస్తే ఆపేయండి. టక్ టక్ కాకుండా సన్నగా బీప్ మంటూ పళ్లేలు తిరగకపోతే హెడ్లు పళ్లేనికి అతుక్కున్నాయని గానీ, మోటారు బిగుసుకుందని గానీ అర్థం. అదీ ల్యాబ్ పనే. తట్టడం, ఊపడం వద్దు.

ప్రశ్న: డిస్కులో పెండింగ్ సెక్టార్లు 24 ఉండేవి. ఫుల్ ఫార్మాట్ చేశాక 0 అయ్యాయి. రీఅలొకేటెడ్ మాత్రం 0 నుంచి 16కు పెరిగింది. ఇప్పుడు వేగంగానే ఉంది. మళ్లీ నమ్మవచ్చా?

ఒకే ప్రతి ఉన్న ఫైళ్లకు నమ్మకండి.

పెండింగ్ సెక్టార్ మీద కొత్తగా ఏదైనా రాసినప్పుడే డిస్కు దాని సంగతి తేలుస్తుంది. విస్టా నాటి నుంచి విండోస్‌లో ఫుల్ ఫార్మాట్ అంటే డిస్కు అంతటా సున్నాలు రాయడం. రాసి చూస్తే సరిగ్గా నిలిచిన సెక్టార్‌ను మామూలు జాబితాలో కలిపేస్తుంది, నిలవని దాని బదులు విడిగా ఉంచిన నిల్వ నుంచి మరొకటి ఇస్తుంది. మీ 24లో 8 నిలిచాయి, 16 నిలవలేదు.

ఈ తేడా ముఖ్యమైనది. రాస్తుండగా కరెంటు పోతే సెక్టార్‌లోని డేటాకూ దాని తనిఖీ కోడ్‌కూ పొంతన కుదరక పెండింగ్‌లో పడుతుంది. అందులో డిస్కు లోపం లేదు, తిరగరాస్తే పోతుంది, రీఅలొకేటెడ్ పెరగదు. మీ డిస్కులో పెరిగింది, అంటే పళ్లెం ఉపరితలమో హెడ్డో నిజంగానే దెబ్బతింది. పైన చెప్పిన గూగుల్ పత్రంలోనే మొదటి రీఅలొకేషన్ తర్వాత 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 14 రెట్లు ఎక్కువని ఉంది. ముప్పు మొదలవడానికి ఒక్కటి చాలు.

దాన్ని పూర్తిగా పారేయాల్సిన పనిలేదు. మరో చోట కాపీ ఉన్న సినిమాలకో, తాత్కాలిక ఫైళ్లకో వాడుకోండి. స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రామ్‌తో లాంగ్ సెల్ఫ్ టెస్ట్ ఇప్పుడొకటి, వారం తర్వాత ఒకటి, నెల తర్వాత ఒకటి చేయండి. షార్ట్ టెస్ట్ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి పళ్లెంలో కొంత భాగమే చూస్తుంది, దాని మీద ఆధారపడకండి. ఈ మధ్యలో 16 అనేది 17 అయినా ఇక ఆ డిస్కును పక్కన పెట్టేయండి.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. అదే పత్రంలో, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) సూచికల్లో ఒక్క అంకె కూడా చూపకుండానే పోయాయి. స్మార్ట్ ఎర్రగా ఉంటే నమ్మండి. పచ్చగా ఉన్నంత మాత్రాన బ్యాకప్ మానేయకండి.

ప్రశ్న: స్మార్ట్‌లో 199, అల్ట్రా డీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ 312కు చేరింది. మిగతావన్నీ సున్నా. డిస్కు పోతున్నట్టేనా?

కాదు, ఇది కేబుల్ తప్పు. డిస్కు నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే దారిలో డేటా చెదిరి, మళ్లీ పంపాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ అంకె పెరుగుతుంది. సాటా కేబుల్ మార్చండి, క్లిప్ ఉన్నది మంచిది. పోర్టు కూడా మార్చి చూడండి. అంకె తగ్గుతుందని ఎదురుచూడకండి, ఇది ఎప్పటికీ వెనక్కి రాదు. 312 దగ్గరే ఆగితే సమస్య తీరినట్టు.

ప్రశ్న: సీగేట్ డిస్కులో రా రీడ్ ఎర్రర్ రేట్ కోట్లలో చూపిస్తోంది. భయంగా ఉంది.

భయం లేదు. సీగేట్ ఆ ముడి విలువలో చదివిన సెక్టార్ల సంఖ్యనూ, తప్పుల సంఖ్యనూ కలిపి పెడుతుంది. పెద్దగా కనబడేది చదివిన లెక్కే. 7వ నంబరు సీక్ ఎర్రర్ రేట్ కూడా అంతే. మీరు చూడాల్సినవి స్మార్ట్‌లోని 5, 187, 188, 197, 198 నంబర్లు.

ప్రశ్న: 3.5 అంగుళాల ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు పొరపాటున లాప్‌టాప్ అడాప్టర్ పెట్టాను. ఇప్పుడు శబ్దం లేదు, లైటు లేదు. అదే మోడల్ పాత డిస్కు మరొకటి ఉంది. దాని సర్క్యూట్ బోర్డు తీసి దీనికి పెట్టవచ్చా?

ఆ డ్రైవ్‌కు కావాల్సింది 12 వోల్టులు, లాప్‌టాప్ అడాప్టర్ ఇచ్చింది సాధారణంగా 19. మీ వర్ణనను బట్టి పళ్లేలకూ హెడ్లకూ ఏమీ కాలేదనే ఆశ ఉంది.

ముందు పెట్టె విప్పి డిస్కును బయటకు తీయండి. చాలాసార్లు కాలిపోయేది పెట్టెలోని యూఎస్‌బీ బోర్డు మాత్రమే. డిస్కు బోర్డు మీద పవర్ కనెక్టర్ పక్కన రెండు టీవీఎస్ డయోడ్లు ఉంటాయి, ఒకటి 5 వోల్టుల లైనుకు, ఒకటి 12కు. ఎక్కువ వోల్టేజీ వస్తే తాము షార్ట్ అయి మిగతా చిప్పులను కాపాడటమే వాటి పని. కరెంటు లేకుండా మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ఒక్కో డయోడ్ రెండు చివర్లకూ తాకించండి. దాదాపు సున్నా చూపిస్తే అది షార్ట్ అయింది. ఆ డయోడ్‌ను తీసేసి, సరైన డెస్క్‌టాప్ పవర్ సప్లైతో నడిపితే డిస్కు చాలాసార్లు తిరుగుతుంది. ఇప్పుడు దానికి రక్షణ లేదు కాబట్టి డేటా కాపీ చేసుకోవడం వరకే వాడండి. సోల్డరింగ్ అలవాటు లేకపోతే మొబైల్ బోర్డులు బాగుచేసే వాళ్లు ఐదు నిమిషాల్లో తీయగలరు.

డయోడ్లు రెండూ బాగుండి బోర్డే పోతే మార్పిడి మాట వస్తుంది. కానీ రెండో డిస్కు బోర్డును నేరుగా బిగించకండి. ఆ డిస్కు హెడ్లకూ పళ్లేలకూ తగ్గట్టు ఫ్యాక్టరీలో కొలిచి రాసిన విలువలు బోర్డు మీది 8 కాళ్ల రోమ్ చిప్పులో ఉంటాయి. రెండు డిస్కుల మోడల్ ఒకటే అయినా ఆ విలువలు ఒకటి కావు. పాత బోర్డు నుంచి ఆ చిప్పును తీసి కొత్త బోర్డు మీద అతికించాలి. కొన్ని బోర్డుల్లో విడిగా రోమ్ చిప్పే ఉండదు, ఆ విలువలు ప్రధాన కంట్రోలర్‌లోనే ఉంటాయి. అలాంటిది ల్యాబ్‌కు ఇవ్వండి.

ప్రశ్న: ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టె పాడైంది. లోపలి డిస్కును కంప్యూటర్‌కు నేరుగా తగిలిస్తే 'ఫార్మాట్ చేయాలి' అంటోంది. డేటా పోయిందా?

పోలేదు. ఫార్మాట్ అన్నా, ఇనిషియలైజ్ అన్నా 'క్యాన్సిల్' నొక్కండి.

రెండు కారణాల్లో ఒకటి. పెట్టెలోని బోర్డు 512 బైట్ల సెక్టార్లను 4,096 బైట్లవిగా చూపించి ఉండవచ్చు. ఇప్పుడు పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో విండోస్ లెక్క తప్పుతోంది. లేదా ఆ బోర్డు మీకు తెలియకుండానే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుండవచ్చు. మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా కొన్ని డ్రైవ్‌లు ఇలా చేస్తాయి. అదే మోడల్ పెట్టె మరొకటి దొరికితే ఎక్కువ సందర్భాల్లో డేటా మళ్లీ కనిపిస్తుంది. మొదటి రకం అయితే డీఎండీఈ లాంటి ప్రోగ్రామ్‌లో సెక్టార్ పరిమాణాన్ని 4,096గా ఇచ్చి తెరవవచ్చు.

డిస్కు అసలు తిరగకపోతే ఇంకో సంగతి చూడండి. పెట్టెల నుంచి తీసిన కొన్ని డిస్కులు సాటా పవర్ మూడో పిన్‌లో 3.3 వోల్టులు వస్తే ఆగిపోయి ఉంటాయి. మోలెక్స్ నుంచి సాటాకు మార్చే కేబుల్‌లో ఆ లైను ఉండదు, దానితో తగిలిస్తే తిరుగుతాయి.

ప్రశ్న: ఎస్‌ఎస్‌డీకి కదిలే భాగాలు లేవు కదా, అది కూడా ఇలా హెచ్చరిస్తుందా?

హార్డ్ డిస్కు కంటే తక్కువగా హెచ్చరిస్తుంది. ఇది కొనేటప్పుడు ఎవరూ చెప్పని మాట. చాలా ఎస్‌ఎస్‌డీలు నిన్న బాగానే ఉండి ఈరోజు బయాస్‌లో కూడా కనిపించవు. కంట్రోలర్ ఫర్మ్‌వేర్ తన పట్టికలను చదవలేకపోతే డ్రైవ్ మొత్తం మూగబోతుంది. కొన్నిటిలో మోడల్ పేరు స్థానంలో 'శాటాఫర్మ్ ఎస్11' అని కనిపిస్తుంది. అదీ ఈ జబ్బే.

ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీలో చూడాల్సినవి మూడు: 'అవైలబుల్ స్పేర్' హద్దు కంటే దిగిందా, 'మీడియా అండ్ డేటా ఇంటిగ్రిటీ ఎర్రర్స్' సున్నా దాటిందా, 'క్రిటికల్ వార్నింగ్' ఉందా. 'పర్సెంటేజ్ యూజ్డ్' 100 దాటినా డ్రైవ్ ఆ రోజే ఆగిపోదు, కంపెనీ హామీ ఇచ్చిన రాతల పరిమితి అయిపోయిందని మాత్రమే. డ్రైవ్ హఠాత్తుగా చదవడానికే తప్ప రాయడానికి ఒప్పుకోకపోతే అదృష్టమనుకుని అప్పుడే కాపీ తీసేయండి. రీస్టార్ట్ చేస్తే మళ్లీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

కరెంటు పోయిన తర్వాత కనిపించకుండా పోయిన సాటా ఎస్‌ఎస్‌డీ విషయంలో ఒక ప్రయత్నం హాని లేనిది. డేటా కేబుల్ తీసేసి పవర్ కేబుల్ మాత్రమే ఉంచి అరగంట వదిలేయండి. కొన్ని మోడళ్లు ఆ సమయంలో తమ పట్టికలను తిరిగి కట్టుకుంటాయి. పొరపాటున డిలీట్ చేసిన ఫైళ్లు మాత్రం ఎస్‌ఎస్‌డీలో సాధారణంగా తిరిగి రావు. ఆ ఫైళ్ల చోటు ఇక అక్కర్లేదని విండోస్ పంపే ట్రిమ్ ఆదేశం వెళ్లాక ఆ బ్లాకులను డ్రైవ్ తానే ఖాళీ చేసుకుంటుంది.

ఎస్‌ఎస్‌డీని బీరువాలో దాచే బ్యాకప్‌గా వాడకండి. చిప్పుల ప్రమాణాలు రూపొందించే సంస్థ జెడెక్ ప్రమాణం ప్రకారం, రాతల పరిమితి మొత్తం వాడేసిన గృహ వినియోగ ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక ఏడాది డేటా నిలపాలి, అంతే. కొత్తది అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది గానీ, ఏళ్ల తరబడి పక్కన పెట్టే పనికి హార్డ్ డిస్కే మేలు.

ప్రశ్న: పాడైన డిస్కుకు వారంటీ ఉంది. వెనక్కి పంపితే అందులోని బ్యాంకు కాగితాలు ఎవరి చేతిలోనైనా పడతాయా?

పడే వీలుంది కాబట్టి ముందు చెరపాలి. వారంటీ కింద వచ్చేది మరో డిస్కు, అదీ తరచుగా బాగుచేసినదే. మీ డేటా తిరిగి రాదు. అందువల్ల కాపీ పూర్తయ్యిందని, ఫైళ్లు తెరిచి చూసి నిర్ధారించుకున్నాకే పంపండి.

డిస్కు ఇంకా స్పందిస్తుంటే 'సెక్యూర్ ఎరేజ్' ఆదేశం ఇవ్వండి. లినక్స్‌లో హెచ్‌డీపార్మ్‌తో ఇవ్వవచ్చు. మామూలుగా సున్నాలు రాసే ప్రోగ్రాములు రీఅలొకేట్ అయిన పాత సెక్టార్లను ముట్టుకోలేవు, 'ఎన్‌హాన్స్‌డ్' రకం ఎరేజ్ వాటినీ చెరుపుతుంది. డిస్కు మొదటి నుంచీ బిట్‌లాకర్‌లో ఉంటే చెరపలేకపోయినా దిగులు లేదు, కీ లేకుండా ఎవరూ చదవలేరు.

డిస్కు అసలు స్పందించక, అందులోని కాగితాలు నిజంగా గోప్యమైనవైతే వారంటీ వదులుకుని ధ్వంసం చేయడమే మంచిది. 3.5 అంగుళాల డిస్కు మూతకు ఎక్కువగా టార్క్స్ టీ8 స్క్రూలు ఉంటాయి, ఒకటి రెండు లేబుల్ కింద దాగి ఉంటాయి. దాని పళ్లేలు ఎక్కువగా అల్యూమినియం, వంచి గరుకు కాగితంతో రెండు వైపులా గీకేయవచ్చు. 2.5 అంగుళాల డిస్కు పళ్లేలు సాధారణంగా గాజువి. సుత్తి దెబ్బకు సన్నని పెంకులుగా చిట్లుతాయి. కళ్లను కాపాడే అద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, డిస్కును మందపాటి గుడ్డ సంచిలో పెట్టి కొట్టండి.